బోరు గొట్టంలో వచ్చిన సిపాయి

నేను ఉద్యోగం చేసింది చిన్న చెరువుల లెక్కలు చూసే ఆఫీసులో. అనంతపురం జిల్లాలో ఆ ఉద్యోగం ఎంత తీరికైనదో ఊహించుకోవచ్చు. ఏ చెరువులో ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో నెలనెలా పైకి రాసి పంపాలి. చాలా నెలలు నేను "లేవు" అని రాసి పంపేవాణ్ణి. ఇంటికొచ్చి డైరీ రాసేటప్పుడు కూడా మొదటి వాక్యం "వాన లేదు" అనే ఉండేది. రాసీ రాసీ విసుగెత్తి ఒకసారి ఆ రెండు మాటలకు రబ్బరు స్టాంపు చేయించాను. ఆ ఏడాది వానలు విడవకుండా పడి, స్టాంపు సిరా ఎండిపోయింది. నా పద్ధతులన్నీ ఇలాగే ఫలిస్తాయి.

ఇలాంటి మనిషికి రిటైరయ్యాక ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదు. నాకు యుద్ధం పోస్టర్ల పిచ్చి పట్టింది.

అది మొదలైంది సర్వీసు చివర్లో, పాత రికార్డు గది ఖాళీ చేయించే పని నాకు అప్పగించినప్పుడు. బీరువా వెనక ఒక కాగితాల చుట్ట దొరికింది. విప్పితే రెండో ప్రపంచయుద్ధం నాటి పోస్టర్లు. ఎక్కడో మద్రాసులో వేయించి తాలూకా తాలూకాకూ పంపినవి. ఒకదాంట్లో బలిసిన ఎద్దులు, మోకాలి లోతు నీళ్ళలో వరి నాటే ఆడవాళ్ళు. యుద్ధం గెలవాలంటే ఇంకా ఎక్కువ పండించమని కింద రాసుంది. దాన్ని తెచ్చి మా జిల్లాలో అంటించారు. ఇంకొకటి, శత్రు విమానాలు వస్తే దీపాలన్నీ ఆర్పేయాలని హెచ్చరిక. ఆ రోజుల్లో మా పల్లెల్లో పొద్దు మునిగితే ఆర్పడానికి వెలిగించిన దీపం ఉంటే కదా. మూడోదాని మీద పెద్ద చెవి బొమ్మ, గాలిమాటలు వినవద్దని. గాలిమాటలు లేకపోతే మా వైపు మనుషులకు అన్నం అరగదు. నేను ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. వాటిని చెత్తలో వెయ్యడానికి చేతులు రాలేదు. పై అధికారిని అడిగితే, "చెదలు వద్దన్నవి కదా సార్, మీరే తీసకపోండి" అన్నాడు.

ఆ తర్వాత నేను మనిషిని కాకుండా పోయాను. వజ్రకరూరు పొలాల్లో తొలకరి పడగానే జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. నేను తాడిపత్రిలో పాత ఇనుము అంగళ్ళలో ట్రంకుపెట్టెల మూతలెత్తి లోపలి వైపు వెతికేవాణ్ణి. పాతకాలంలో పెట్టె మూత లోపల తుప్పు కనబడకుండా ఏదో ఒక బొమ్మ కాగితం అంటించేవాళ్ళు. ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంట్లో, పాత చీర మడతల మధ్య పెట్టిన కాగితం కోసం చీర మొత్తం బేరం చెయ్యబోయాను. అక్కడి పనివాళ్ళు నన్ను చూసి, నా భార్యకు పెద్ద అదృష్టం పట్టిందనుకున్నారు. కాగితం మాత్రం ఇస్తే చాలని చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాల్సింది.

నా భార్య మాత్రం మొదటినుంచీ ఒకే మాట మీద ఉంది. "ఆ యుద్ధం అయిపోయి ఎన్నేండ్లాయె. మన ఇంట్లో ఎప్పుడు నిలిపేస్తారో చెప్తే నేను బీరువాలో నా చీరలు పెట్టుకుంటా."

బీరువా పోస్టర్లకు పోయిన మాట నిజమే. ఒక్కొక్కదానికీ ఒక ప్లాస్టిక్ కవరు, అరల్లో ఎండిన వేపాకు, చేతులు కడుక్కుని తుడుచుకోనిదే ముట్టకూడదన్న నియమం. ఆ నియమం ఒక అట్ట మీద రాసి బీరువా తలుపుకు అంటించాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నా భార్యకు వాటిని ముట్టే ఉద్దేశమే లేదు. కాబట్టి ఆ అట్ట నాకోసం నేనే రాసుకున్న హెచ్చరిక అనుకోవాలి.

ఆ బీరువాకు రాజు ఒక సిపాయి. సైన్యంలో చేరమని పిలిచే పోస్టరు అది. తలపాగా, కొనలు తిప్పిన మీసం, ఎండకు మెరిసే చెంపలు. పిలుస్తున్నట్టు చెయ్యి ఎత్తి నవ్వుతుంటాడు. వెనక దూరంగా సముద్రం, ఓడ. పైనా కిందా తెలుగు అక్షరాలు. తాడిపత్రిలో దొరికిన ఒక పెట్టె మూతకు గంజితో అంటించి ఉండింది. తడిగుడ్డ వేసి, నానబెట్టి, గోరుతో కాకుండా వెదురు పుల్లతో, రోజుకు వేలెడంత చొప్పున ఊడదీశాను. మా ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినప్పుడు కూడా నేను అన్ని తడిగుడ్డలు వెయ్యలేదని నా భార్య అంటుంది. ఇలాంటిది చిరుగు లేకుండా ఇంకొకటి ఎక్కడా ఉండదని నా నమ్మకం. ఎక్కడా వెతకకుండానే ఏర్పడిన నమ్మకం కాబట్టి అది చాలా గట్టిది.

ఒకసారి అనంతపురంలో ఒక గ్రంథాలయం హాలు అడిగి తీసుకుని ప్రదర్శన పెట్టాను. ప్రతి పోస్టరు పక్కన నా చేతిరాతతో వివరణ రాసి పెట్టాను. పోస్టర్ల కంటే వివరణలు పెద్దవి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. పేపరు చదువుకునే పెద్దమనుషులు నా ఫ్యాను గాలి కోసం లోపలికి వచ్చి, నేను లేచి నిలబడగానే బయటికి పోయారు.

ఎండ బాగా ముదిరాక ఒక ముసలామె, ఆమె కొడుకు లోపలికి వచ్చారు. ఆమెకు ఎనభై దాటి ఉంటాయి. కంటి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రి వాళ్ళిచ్చిన నల్ల అద్దాలు పెట్టుకుని ఉంది. కొడుక్కు కూడా తల నెరిసింది. కుందుర్పి బస్సుకు ఇంకా పొద్దుందని, తాగడానికి నీళ్ళు దొరుకుతాయేమోనని వచ్చారు. నీళ్ళకుండ సిపాయి పక్కనే పెట్టి ఉంది.

ఆమె నీళ్ళు తాగలేదు. చెంబు చేత్తో పట్టుకుని, నల్ల అద్దాలు నుదుటి మీదికి తోసి, పోస్టరు ముందు నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏమప్పా, మా నాయన ఈడ ఏంటికి ఉండాడు?" అంది నాతో.

పొద్దున్నుంచి శ్రోత దొరకని మనిషిని. సంతోషం పట్టలేకపోయాను. ఆపరేషన్ అయిన కొత్తలో కంటికి సరిగ్గా కనపడదని అనుకుని, మెల్లగా, వరుసగా చెప్పుకొచ్చాను. ఇది ఎవరి ఫోటోనూ కాదనీ, చిత్రకారుడు గీసిందనీ, అచ్చేసి ఊరూరా అంటించారనీ, ఇందులో మనిషి అసలు ఉన్నాడో లేడో కూడా తెలియదనీ చెప్పాను. రంగుల అచ్చు ఎలా వేసేవాళ్ళో కూడా చెప్పబోతుంటే కొడుకు అడ్డుపడ్డాడు.

"మాకు తెలుసు సార్. ఇదే బొమ్మ మా ఇంట్లో ఉండేది. మా అవ్వ కళ్యాణదుర్గం సంతకు పోయినప్పుడు గోడ మింద నుంచి పీక్కొచ్చింది."

అప్పుడు ఆమె తండ్రి సంగతి తెలిసింది. ఈమె తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆయన సైన్యంలో చేరి ఓడ ఎక్కాడట. తిరిగి రాలేదు. ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. కూతురు కాస్త పెద్దదై, నాయన ఎట్లుంటాడని అడిగినప్పుడు, తల్లికి ఏం చూపించాలో తోచలేదు. సంతలో గోడ మీద ఈ సిపాయి కనిపించాడు. "ఇదో, మీ నాయన ఇట్లనే ఉంటాడు" అని తెచ్చి, అక్షరాలున్న భాగం కత్తిరించేసి, ముఖం వరకు పటం కట్టించింది.

"అక్షరాలు ఏంటికమ్మా కత్తిరించింది?" అని అడిగాను. సేకరణ చేసేవాడికి ముందు గుచ్చుకునేది అదే.

"అవి మా నాయన కాదు కదప్పా" అంది ఆమె.

మా వైపు భాద్రపదం చివర పెద్దల అమావాస్య వస్తుంది. పోయినవాళ్ళ పటం ముందు కొత్త బట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి విస్తట్లో వడ్డించి, ఆ తర్వాతనే ఇంట్లోవాళ్ళు తింటారు. ఈ ఇంట్లో ఏటేటా సిపాయి పటానికి పెట్టుకునేవాళ్ళు. రెండేళ్ళ కిందట గోడకు పట్టిన చెదలు పటం వెనక నుంచి ముఖమంతా తినేశాయి. అద్దం, చట్రం మాత్రం మిగిలాయి. అప్పటినుంచి పటం లేనివాళ్ళు చేసినట్టే చెంబుకు పంచె చుట్టి దానికి పెడుతున్నారు.

"చెంబుకు మొగం యాడుండాది? ఎవరికి పెడతాండానో నాకే తెల్దు" అంది. "ఇంక నాకు ఎన్ని అమావాస్యలు ఉంటాయి? ఈయన్ని నాకియ్యప్పా. పుణ్యముంటాది."

నేను ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ చెప్పాను. ఇది అరుదైనదనీ, చరిత్ర అనీ, భావితరాల కోసమనీ. భావితరాలు ఆ హాల్లో ఒక్కరూ లేరు. చివరికి, రంగుల కాపీ తీయించి ఇస్తానన్నాను. కొడుకు సరేనన్నాడు. ఆమె తాగని నీళ్ళ చెంబు కుండ మీద పెట్టేసింది.

వెంటనే ఫోన్‌తో సిపాయిని ఫోటో తీసుకుని, బజారుకు పోయి కాపీ తీయించాను. అంగడిలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి బొమ్మను చూడగానే మరకలు తుడిచేశాడు, చెంపలు తెల్లగా చేశాడు, నేను వద్దనేలోగా మెడలో పూలదండ, పక్కన రెండు దీపాలు పెట్టాడు. పోయినవాళ్ళ బొమ్మ అంటే వాళ్ళ దగ్గర అన్నీ సిద్ధంగా ఉంటాయట. దాన్ని తెచ్చి ఆమె చేతికిచ్చాను.

ఆమె అద్దాలు ఎత్తి చూసింది. "ఎవరప్పా ఈ పెండ్లికొడుకు?" అని కొడుకు చేతికిచ్చింది. తర్వాత సిపాయి వైపు ఇంకొకసారి చూసి, చెప్పులు తొడుక్కుని బస్సుకు పోయింది.

ఆ సాయంత్రం డైరీలో "ప్రదర్శన జయప్రదం. సందర్శకులు ఇద్దరు" అని రాసుకుంటుంటే నా భార్య భుజం మీదుగా చూసి, జరిగింది చెప్పమంది. చెప్పాను. నాకు మద్దతు దొరుకుతుందనే అనుకున్నాను.

"ఆయమ్మ నాయన్ను మన బీరువాలో పెట్టుకుని తాళం వేసినారు. మీకు నిద్ర పడతాదా?"

"ఆయన ఆమె నాయన కాదు."

"మీకు మాత్రం ఆయన ఏమైతాడు?"

దీనికి జవాబు నాలుగు రోజులు వెతికాను. పోస్టరు నా చెయ్యి దాటకూడదన్న నా నియమానికీ, ఆమె అడిగినదానికీ మధ్య దారి ఏదని ఆలోచించి, చివరికి ఒకటి కనిపెట్టాను. పోస్టరు అమావాస్యకు పోతుంది, కానీ నా వెంటే పోయి నా వెంటే వస్తుంది. షరతులు రాసుకుని, సందర్శకుల పుస్తకంలో ఆమె కొడుకు రాసిపోయిన నంబరుకు ఫోన్ చేసి చదివాను. దీపం దూరంగా పెట్టాలి. సాంబ్రాణి పొగ తగలకూడదు. నూనె చేతులతో ముట్టకూడదు. ప్లాస్టిక్ కవరు తియ్యకూడదు. పిల్లలు దగ్గరికి రాకూడదు.

అతను అంతా విని, "అన్నా, కూతుర్ని అత్తగారింటికి పంపేటప్పుడు గూడ ఇన్ని చెప్పరు" అన్నాడు. "రా. అమ్మ సంతోషపడతాది."

పోస్టరు మడత పడకుండా తీసుకుపోవడానికి ఒక గొట్టం కావాలి. మా వీధి చివర బోర్ల సామాను అమ్మే అంగడిలో, బోరులోకి దించే ప్లాస్టిక్ గొట్టం ముక్క కొని, రెండు వైపులా బిరడా బిగించాను. చూడడానికి చాలా గొప్ప ఏర్పాటు. ఒకే ఒక్క సంగతి ఆలోచించలేదు. మా జిల్లాలో బోరు గొట్టం పట్టుకుని బస్సెక్కిన మనిషిని ఎవరూ ఊరికే వదలరు.

"యాడ వేస్తాండారు సార్ బోరు?" అన్నాడు కండక్టరు.

"బోరు కాదు."

"పడలేదా నీళ్ళు?" అన్నాడు వెనక సీటాయన. నా ముఖం చూసి తానే నిర్ధారణకు వచ్చి, "మాకూ అంతే అన్నా. ఎంత లోతు పోయినా దుమ్ము తప్ప ఏమీ లేదు" అన్నాడు.

ఇందులో సిపాయి ఉన్నాడని ఎలా చెప్పను? బస్సంతా నా బోరు ఎండిపోయినందుకు బాధపడింది. ఎవరో సీటు ఇచ్చారు. ఒకాయన టెంకాయ పట్టుకుని నీళ్ళు చూసే మనిషి అడ్రసు చెప్పాడు, రాసుకోమన్నాడు. రాసుకున్నాను. ఉద్యోగమంతా నీళ్ళు లేవని రాసిన నాకు, అంత ఓదార్పు దొరికింది అదొక్కసారే.

కుందుర్పి దాటాక, పల్లెలో ఆమె కొడుకు మోటార్ సైకిలుతో ఎదురొచ్చాడు. గొట్టం నిలువుగా పట్టుకుని వెనక కూర్చున్నాను. ఇంటి ముందు ఆమె కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది. నన్ను పలకరించలేదు. గొట్టానికి దిష్టి తీసి, కర్పూరం వెలిగించింది. కర్పూరం గురించి నా షరతుల్లో రాయడం మరిచానని అప్పుడు తెలిసింది.

లోపల గోడ పక్కన పీట వేసి, ముగ్గు పెట్టి ఉంచారు. విస్తట్లో ఓళిగలు, వడలు, చిత్రాన్నం, రాగిసంగటి, మాంసం కూర, వాటి పక్కన ఒక బన్ను. బన్ను ఏమిటని అడిగాను. పటాలంలో రొట్టె పెడతారని ఆమె తల్లి ఎవరి నోటో విన్నదట. ఆయనకు సంగటి మరుపొచ్చి ఉంటుందేమోనని, అప్పటినుంచి ఒక బన్ను కూడా పెడుతున్నారట.

నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని, పోస్టరును కవరుతో సహా గోడకు ఆనించి పీట మీద నిలబెట్టాను. కవరు మీద వెలుతురు పడి ముఖం సరిగ్గా కనబడలేదు. ఆమె కుంకుమ భరిణె పట్టుకుని ముందుకొచ్చింది. నేను అడ్డంగా నిలబడ్డాను. నా వయసులో, ఒకరింట్లో, వాళ్ళ పెద్దలకూ వాళ్ళకూ మధ్య చేతులు చాపి నిలబడ్డ నా ఆకారం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆమె కోప్పడలేదు. "పైన ఏమి రాసినారో చదువప్పా" అంది. "మా ఇంట్లో దానికి అక్షరాలు లేవు. మా అమ్మకు ఎవరూ చదివి చెప్పలేదు."

చదవడం నాకిష్టమైన పని. గొంతు సవరించుకుని చదివాను. సైన్యంలో చేరమని. మంచి జీతం, మంచి తిండి, మంచి బట్టలు అని. చివరి వరుస కొంచెం చిన్న అక్షరాల్లో ఉంది. నీవు లేనప్పుడు నీ ఇంటివారిని సర్కారు చూసుకుంటుందని.

ఆ వరుస మీద నేను ప్రదర్శనలో పెద్ద వివరణ రాశాను. ఏ పదం ఎందుకు వాడారో, మనసులను ఎలా తిప్పుతారో, అన్నీ. ఆ ఇంట్లో పైకి చదివాక మాత్రం, వివరణ చెప్పకుండా పక్కకు తప్పుకున్నాను.

"చూసుకునిందిలే" అంది ఆమె. "మా అమ్మ కరువు పనిలో రాళ్ళు కొట్టి నన్ను సాకింది."

తర్వాత ఆయన కోసం కొన్న కొత్త పంచె మడత విప్పి, కింది అక్షరాలు కనబడకుండా పోస్టరుకు చుట్టబెట్టబోయింది. ప్లాస్టిక్ మీద బట్ట నిలవలేదు, జారిపోయింది. ఇంకోసారి చుట్టింది. మళ్ళీ జారింది. కొడుకు నా వైపు చూశాడు.

"ప్లాస్టిక్ సంచిలో కూర్చోబెట్టి అన్నం పెడితే ఎట్ల తింటాడప్పా?" అంది ఆమె.

కవరు నేనే తీశాను. చేతులు కడుక్కోలేదు. పంచె నిలిచింది. పై అక్షరాల మీద తువ్వాలు వేసింది. సిపాయి ముఖం ఒక్కటే మిగిలింది. ఆమె బొటనవేలితో నుదుటి మీద కుంకుమ పెట్టి, చెయ్యి వెంటనే తియ్యలేదు. చెంప మీద కాసేపు ఉంచింది. నేను తడిగుడ్డలతో, వెదురుపుల్లతో ఎన్నో రోజులు ఆ కాగితం దగ్గర కూర్చున్నాను. అలా ఒక్కసారీ ముట్టుకోలేదు.

నాకు కూడా విస్తరి వేశారు. తింటున్నంతసేపూ నాలో ఒక గొప్ప నిర్ణయం తయారవుతూ వచ్చింది. ఈ పోస్టరును ఇక్కడే వదిలిపోవాలి. ఓళిగ తింటూ ఏం మాట్లాడాలో కూర్చుకున్నాను. త్యాగం అన్న మాట వాడాలా వద్దా అని ఆలోచించి, రెండుసార్లు వాడాలని నిశ్చయించుకున్నాను. చెయ్యి కడుక్కుని, ఆమె ముందు నిలబడి మొదలుపెట్టాను. "అమ్మా, ఇన్నాళ్ళూ నేను ఈయన్ని బీరువాలో, వేపాకు వేసి ప్రాణంగా కాపాడుకున్నాను. ఈ రోజు..."

"మాకొద్దప్పా" అంది.

కొడుకు నవ్వు ఆపుకోవడానికి బయటికి పోయాడు.

"మా గోడలకు ఇంకా చెదలు పోలేదు. కప్పు కారుతాది, వాన వస్తే. నీ దగ్గర అయితే ఆయనకు బీరువా, వేపాకు, ఎంత బాగ ఉండాది. చెదల నోట్లో ఇంకోసారి పెట్టల్లనా? నీ కాడే ఉండనీ. ఏటికొకసారి తోలుకరా."

నా త్యాగం నోట్లోనే ఉండిపోయింది. ఆమె తానే పోస్టరును చుట్ట చుట్టి, గొట్టంలో పెట్టి, బిరడా బిగించి నా చేతికిచ్చింది. తిరుగు బస్సులో కండక్టరు పొద్దుటాయనే. గొట్టం మీద పసుపూ కుంకుమా చూసి, "పూజ చేయించినారా? ఈసారి పడతాయిలే సార్" అన్నాడు.

అప్పటినుంచి ఏటా పోతున్నాను. సిపాయి నుదుటి మీద ఇప్పుడు కాగితం కనబడదు, కుంకుమే. బెంగళూరు నుంచి ఒక సేకరణకర్త చూడడానికి వచ్చి, ఎవరో పాడుచేశారే అని బాధపడి, కాఫీ తాగి పోయాడు. నా భార్య అతని వెనకే తలుపు వేస్తూ, మొదటిసారి నా యుద్ధం గురించి ఒక మంచి మాట అంది: "కాగితాలన్నిట్లో ఈయనొక్కడే పనికొచ్చినాడు." బీరువాలో ఒక అర మాత్రం తన చీరలకు తీసుకుంది.

ఈ మధ్య నాకు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. డాక్టరు ప్రయాణాలు తగ్గించమన్నాడు. అమావాస్య దగ్గర పడుతుంటే పోయిన వారం ఆమే కొడుకు ఫోన్‌లో మాట్లాడింది.

"ఏమప్పా, అంతా బాగేనా?"

పెద్ద మనిషి, ఇంత అభిమానంగా అడిగింది కదా అని, నేను పద్ధతి ప్రకారం చెప్పాను. ముందు మోకాళ్ళు, తర్వాత రక్తపోటు, తర్వాత ఆయాసం, డాక్టరు రాసిన మాత్రలు, వాటిలో ఏది అన్నానికి ముందు, ఏది తర్వాత. ఆమె మధ్యలో అడ్డుపడకుండా అంతా విన్నది.

"మాత్రలు మరిచిపోకుండా మింగు" అంది. "నువ్వు మంచాన పడితే ఆయన్ని ఎవరు తెస్తారు? అది సరే గానీ, మా నాయనకు చెదలు గిదలు తగల్లేదు కదా?"

బాగున్నాడని చెప్పాను. ఫోన్ పెట్టేసి, ఆయాసం మాత్ర వేసుకుని, బీరువా తెరిచి వేపాకు మార్చాను.